రెండు జబ్బుల పేర్లు, ఒక తువ్వాలు

ధర్మవరంలో మా నాయనకు పట్టుచీరల అంగడి ఉండేది. ఆయన పరుపు మీద కూర్చుని, వచ్చినవాళ్లు ఏ చీర దగ్గర ఊపిరి బిగబట్టారో కనిపెట్టేవాడు. కనిపెట్టాక ఆ చీరను మాత్రం పనికిరానిదన్నట్టు పక్కకు తోసేసేవాడు. కాసేపటికి వాళ్లే దాన్ని అడిగేవారు. ఇక అక్కడినుంచి బేరం ఆయన చేతిలో ఉండేది. బడి లేనప్పుడల్లా నేను ఆ పరుపు మూలన పెరిగాను. కాబట్టి సైకాలజీలో పట్టా పుచ్చుకోకముందే ఆ విద్య నాకు వచ్చేసిందని చాలాకాలం అనుకున్నాను.

డెబ్బైలు, ఎనభైలు మొత్తం నాకు అనంతపురంలో ఒక ఆసుపత్రిలోనే గడిచిపోయాయి. మాటలు రాని పిల్లలు, చదువు ఎక్కని పిల్లలు, ఒక్కచోట నిలవని పిల్లలు నా దగ్గరికి వచ్చేవారు. వాళ్లను చూసి, నాకు తెలిసింది డాక్టరుకు చెప్పాలి. నా గదిలో చెక్క దిమ్మెలు, రంగు పూసలు, నాలుగైదు బొమ్మలు ఉండేవి కనుక పల్లెలవాళ్లు నన్ను బొమ్మలక్క అనేవారు. ఉద్యోగం అసలు పేరు ఇంగ్లీషులో చాలా పొడుగు. దానికి ఎవరికీ నోరు తిరగలేదు, నాకూ సరిగా తిరిగేది కాదు.

ప్రమోషన్ల గురించి రాయను. అంత బేరగత్తెనని పేరు తెచ్చుకుని, ఆ ఒక్క బేరంలో మాత్రం అడిగిన ప్రతిసారీ ఓడిపోయాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు పనికొచ్చేది ఒక పాప సంగతి.

మొహాలు చదివే గర్వం

ముందు నా గర్వం ఎంతదో చెప్పాలి, అది దిగినప్పుడు మీకు తెలియాలి కదా.

చేరిన కొత్తలో ఒక నేతపని ఆయన, భార్య తమ పిల్లవాణ్ణి తీసుకొచ్చారు. మూగవాడన్నారు. నేను పిల్లవాణ్ణి ఏది అడిగినా తల్లి జవాబు చెప్పేది. పేరేమిటంటే తల్లి చెప్పింది. ఆకలిగా ఉందా అంటే తల్లి చెప్పింది. పిల్లవాడి మొహంలో విసుగు చూశాను. అంగట్లో భర్త చీర ఎంచుతుంటే నోరు మూసుకుని కూర్చున్న భార్యల మొహాల్లో ఉండే విసుగే అది. తల్లిని మంచినీళ్లు తెమ్మని బయటికి పంపించాను. ఆమె గడప దాటగానే వాడు నా వైపు తిరిగి, "ఆ గుర్రం బొమ్మ ఇస్తావా?" అన్నాడు.

ఆసుపత్రి అంతా ఈ కథ చెప్పుకున్నారు. ఎక్కువసార్లు చెప్పింది నేనే.

ఆ తర్వాత చాలాకాలం నా పద్ధతి ఇదే. మొహం చూడాలి, దాచుకున్నది పట్టుకోవాలి, ఇరుపక్షాలకూ నచ్చే మాట చెప్పి పంపాలి. డెబ్బైల చివర్లో దస్తగిరమ్మ వచ్చింది.

సగం సగం వైద్యం

హుసేనప్పది కళ్యాణదుర్గం. గొర్రెల దళారి. సంతలో అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి ధర కుదర్చడం ఆయన పని. భార్య మాబున్నిని, తల్లి పీరమ్మను, కూతురు దస్తగిరమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. పాపకు అప్పుడు ఆరేళ్లు నిండుతున్నాయి.

పాప గదిలోకి వస్తూనే బల్ల ఎక్కింది, దిగింది, కిటికీ ఎక్కింది. పూసల డబ్బా బోర్లించి, ఎర్రవన్నీ ఏరి గోడ వెంబడి వరసగా పెట్టింది. వరస పూర్తికాకముందే మళ్లీ బల్ల ఎక్కింది. పేరు పెట్టి పిలిస్తే తిరగలేదు. నేను మొహం దగ్గర మొహం పెడితే నా చెవి పక్కనుంచి గోడను చూసింది. ఒకే మాట పదే పదే అంటోంది: "తెగిపాయనా? తెగిపాయనా?"

బేరం తెగిందా, అంటే ధర కుదిరిందా అని అర్థం. తండ్రి సంతలో రోజంతా అనే మాట. పాప దాన్ని ఎవరినీ ఉద్దేశించి అనడం లేదు. చిలక పలుకులాగా పలుకుతోంది.

ఈ పాపను అప్పటికే ఇద్దరు పెద్ద డాక్టర్లు చూశారు. బెంగళూరాయన ఆటిజం అన్నాడు. మనుషుల గొడవ లేని ప్రశాంతమైన చోట ఉంచండి, ఇలాంటి పిల్లల్ని పెట్టుకునే హోము బెంగళూరులోనే ఉంది, చేర్చండి అన్నాడు. తల్లి బిడ్డను మనసారా దగ్గరికి తీసుకోకపోతే ఇలా అవుతుందని కూడా అన్నాడు. ఆ రోజుల్లో కొన్ని పుస్తకాల్లో అలాగే ఉండేది. మన వృత్తి చెప్పిన అబద్ధాల్లో ఇంతకంటే చెడ్డది నాకు తెలియదు. మద్రాసాయన ఆటిజం కానే కాదన్నాడు. ఇది హైపర్‌కైనెటిక్, పుట్టుకతో వచ్చిన అతిచురుకు, మాత్ర వేయండి, బాగా పరిగెత్తించండి అన్నాడు. ఇప్పుడు మీరు ఎ.డి.హెచ్.డి. అంటున్నది అదే. ఒకటి ఉంటే రెండోది ఉండకూడదని అప్పటి మా చదువు. అందుకని ఇద్దరూ రెండోవాడిది తప్పన్నారు.

ఇంట్లో ఒక్కో జబ్బుకు ఒక్కో పక్షం ఏర్పడింది.

"బెంగళూరు డాక్టరు ఏం జెప్పినాడు? తల్లి దగ్గరికి తీసుకోకపోతే బిడ్డ ఇట్లయితాదని చెప్పలేదా?" అంది పీరమ్మ, కోడలి వైపు చూడకుండా.

"మద్రాసు డాక్టరు పుట్టుకతోనే అన్నాడు గదత్తా."

"ఆయప్ప చెవిలో నువ్వు ఏం బోసినావో!"

"నేనేం బోసేది? నాకు అరవం వస్తాదా?"

హుసేనప్ప ఇద్దరి మధ్యా చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగాడు. "అక్కా, ఆయప్ప ఒగ రేటు చెప్తాడు, ఈయప్ప ఒగ రేటు చెప్తాడు. మధ్యలో నువ్వు ఒగ మాట జెప్పి తెంపెయ్యి. నేను బతుకంతా చేసేది అదే గదా."

నాకు నవ్వొచ్చింది. ఆ మనిషి నచ్చాడు కూడా. మా అంగడి భాష మాట్లాడే రోగి తండ్రి అంతకుముందు నాకు దొరకలేదు.

"ఇప్పుడు ఏ మందు వాడతాండావు?" అని అడిగాను.

"రెండూ. పొద్దున బెంగళూరోడి మాట, మధ్యాన్నం మద్రాసోడి మాట. పొద్దున పాపను ఒంటిగా గదిలో పెట్టి తలుపేస్తాం, ఎవురూ పలకరించరు. మధ్యాన్నం మాత్ర సగం విరిచి యేసి, చేన్లో పరిగెత్తిస్తాం. ఇద్దురికీ సగం సగం న్యాయం జేసినా."

ఎంత గర్వంగా చెప్పాడో ఇప్పటికీ గుర్తుంది. ఎవరినీ నొప్పించకుండా బేరం కుదిర్చిన దళారి గర్వం అది. పాప మాత్రం ఆ న్యాయానికి మణికట్టు కొరుక్కుని పుండు చేసుకుంది. నిద్ర పోవడం మానేసింది.

పీరమ్మ అప్పుడు అసలు మాట చెప్పింది. "బడి తెరిచినాక ఓబులేసు సారు పాపను చేర్చుకుంటే సరి. చేర్చుకోకపోతే హోముకు పంపేది. నా కొడుకు ఒప్పుకున్నాడు."

మాబున్ని పాప పావడా అంచును పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. అంచు చిరిగేలా ఉంది.

సరుకు చూడని అమ్మకం

ఆ రోజు నేను హుసేనప్ప అడిగిన పనే చేశాను. ఆటిజం పోలికలున్న అతిచురుకు అని ఒక కొత్త పేరు కుట్టాను. పోలికలున్నాయి కాబట్టి అత్త గెలిచిందనుకుంది, అసలు జబ్బు అతిచురుకు కాబట్టి కోడలు గెలిచిందనుకుంది. ఇద్దరూ తృప్తిగా బయటికి వెళ్తుంటే మా నాయన పరుపు మీద కూర్చున్నట్టే అనిపించింది.

మా పెద్దాయన, అంటే మా పై డాక్టరు, కోస్తావాడు. మా మాట సగం అర్థమయ్యేది కాదు, మా కారం అసలు పడేది కాదు. ఎవరినీ మెచ్చుకునేవాడు కాదు. ఆయన నన్ను పిలిపించాడు.

"ఏవమ్మా, రెండు జబ్బులూ కలిపి భలే కుట్టావు. నువ్వు ఏం చూశావు?"

"బెంగళూరు రిపోర్టులో..."

"రిపోర్టులు నాకూ చదవడం వచ్చు. ఆ పాపలో నువ్వేం చూశావు?"

నిజం చెప్పక తప్పలేదు. "మొహం ఇవ్వలేదండీ. చదవడానికి ఏమీ దొరకలేదు."

"అయితే సరుకు చూడకుండానే అమ్మేశావన్నమాట."

అంగడివాళ్ల బిడ్డను ఇంతకంటే గట్టిగా కొట్టే మాట లేదు. ఆయన ఆ సంగతి తెలిసి అన్నాడో తెలియక అన్నాడో నేను ఎప్పుడూ అడగలేదు. "ఆ పాప ఎక్కడైనా, ఎప్పుడైనా కుదురుగా ఉంటుందేమో కనుక్కో. కనుక్కునేదాకా పేరు పెట్టకు," అని ఫైలు నా వైపు తోశాడు.

పై అధికారుల్లో మంచివాళ్లు తక్కువ, పనికొచ్చేవాళ్లు ఇంకా తక్కువ. ఈయన రెండో రకం. అలాంటివారు దొరికితే వాళ్ల నోటిదురుసు భరించండి.

తర్వాతి సారి వచ్చినప్పుడు అందరినీ అదే అడిగాను. యాడా ఉండదని పీరమ్మ అంది, హుసేనప్ప కూడా అదే అన్నాడు. మాబున్ని వెళ్లబోతూ గడప దగ్గర ఆగి, అత్తకు వినపడకుండా చెప్పింది: "సంతనాడు వాళ్ల నాయన ఎంట పోతే ఏడవదక్కా. ఆడబిడ్డను సంతలో తిప్పుతాండారని మా అత్త తిడ్తాదని ఎవురికీ చెప్పం."

మొహం చూడకూడని చోటు

సంతనాడు పొద్దున్నే బస్సెక్కి కళ్యాణదుర్గం వెళ్లాను. ఆ ఏడు కూడా చెనక్కాయ, అదే వేరుశనగ, పంట పోయింది. మేపలేక అమ్ముకునేవాళ్లతో సంతకు గొర్రెలు విరగబడి వచ్చాయి. దుమ్ము, అరుపులు, కుక్కలు, పెంట వాసన. గిన్నె కింద పడితే చెవులు మూసుకునే పాపకు ప్రపంచంలో ఇంతకంటే చెడ్డ చోటు ఉండదు.

దస్తగిరమ్మ తండ్రి నడుముకు ఆనుకుని నిలబడి ఉంది. కుదురుగా.

గొర్రెల సంతలో బేరం ఎలా జరుగుతుందో పట్నం పిల్లలకు తెలియకపోవచ్చు. నోటితో ధర చెప్పరు. చెబితే చుట్టూ ఉన్నవాళ్లందరికీ తెలిసిపోతుంది. దళారి తన భుజం మీది తువ్వాలు తీసి చేతుల మీద కప్పుతాడు. దాని కింద ఇద్దరూ చేతులు కలుపుతారు. వేళ్లు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఒక వేలు పట్టుకుంటే ఒక లెక్క, చెయ్యి మొత్తం పట్టుకుంటే అయిదు. ఇది సాగినంతసేపూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. ఒకాయన ఆకాశం చూస్తాడు, ఇంకొకాయన గొర్రె చెవులు చూస్తాడు. మొహంలో ఏదీ కనపడనివ్వరు. ఎదుటివాడి మొహంలోకి చూసేవాణ్ణి పనితెలియనివాడి కింద లెక్కేస్తారు. ధర కుదిరితే తువ్వాలు లాగేసి, అరచేతిలో అరచెయ్యి ఫట్టున కొట్టి "తెగిపాయ!" అంటారు. అలా తెగిన బేరాన్ని ఆ తర్వాత ఎవరూ కాదనరు. కన్నతల్లి వచ్చి చెప్పినా సరే.

ఒక బేరం అయిపోయి ఇంకో బేరం మొదలుకాకముందు, పాప పారిపోకుండా హుసేనప్ప తన చెయ్యి తువ్వాలు కింద ఆమెకు ఇచ్చాడు. ఇచ్చి, వేరే ఎవరితోనో వాన సంగతి మాట్లాడుతున్నాడు. తువ్వాలు కదులుతోంది.

"ఏం జేస్తాంది హుసేనప్పా?"

"ఏముందక్కా, ఆడుకుంటాది. నేను ఎన్ని వేళ్లు ఇస్తే అన్ని మల్ల తిరిగిస్తాది. ఒగోసారి ఎక్కువ జేసి అడుగుతాది, దొంగది."

ఎక్కువ చేసి అడుగుతుంది! ఆ మాట ఆయన చాలా తేలిగ్గా అన్నాడు. తిరిగి ఇస్తే అనుకరణ అనుకోవచ్చు. ఎక్కువ అడిగితే అది మాట. ఎదుట ఒక మనిషి ఉన్నాడని, ఆ మనిషికి ఒక మనసు ఉందని, దాన్ని లాగి చూడొచ్చని తెలిసినవాళ్లే ఎక్కువ అడుగుతారు.

నా చెయ్యి తువ్వాలు కింద పెట్టాను. పక్కనున్న కాపరులు నోళ్లు తెరిచారు. ఆడవాళ్లు అక్కడ చెయ్యి పెట్టరు.

చిన్న చెయ్యి వచ్చి నా చేతిని తడిమింది. నేను ఆమె రెండు వేళ్లు పట్టుకున్నాను. ఆమె నావి మూడు పట్టుకుంది. నేను రెండే అన్నాను. ఆమె మూడే అంది, ఈసారి గట్టిగా. అలవాటు కొద్దీ ఆమె మొహం చూడబోయి, నాకే సిగ్గేసి, ఎదురుగా ఉన్న పొట్టేలు కొమ్ములు చూస్తూ నిలబడ్డాను. ఆమె ఎటు చూస్తోందో తెలియదు. చివరికి మూడు వేళ్లు పట్టుకున్నాను. తువ్వాలు ఎగిరిపోయింది. నా అరచేతిలో ఫట్టుమని దెబ్బ పడింది.

"తెగిపాయ!"

తెగిపాయనా కాదు. తెగిపాయ. నాతో, నాకు, నా గురించి అన్న మాట.

మొహం చూడదు, భావం కనపడనివ్వదు అని డాక్టర్లు జబ్బు లక్షణాల కింద రాసినవి ఈ సంతలో మర్యాదలు. ఎవరూ ఆమెను 'నా కళ్లలోకి చూడు' అనని చోటు ఇది ఒక్కటే. ఇక్కడ అర్థం చేసుకోవలసింది ఒక్కటే ఉంది, అది చేతికి తగులుతోంది. మిగతా ప్రపంచమంతా గుడ్డ అవతల ఉండిపోయింది. మొహాలు చదివే విద్య తప్ప ఇంకేదీ రాని నేను, మొహం ఇవ్వని పిల్లను మొహంలోనే వెతికాను.

ఆడవాళ్ల తువ్వాలు

తిరిగొచ్చి చెబితే మా పెద్దాయన అంతా విని, "సరే, ఇప్పుడు చూశావు," అన్నాడు. ఆయన నోటినుంచి నాకు దక్కిన పెద్ద బిరుదు అదే. మాత్ర ఎంత వేయాలో ఆయనే మద్రాసు డాక్టరుతో మాట్లాడి ఖాయం చేశాడు. విరిచి వేసే సగం మాత్ర ఆ రోజుతో పోయింది. తలుపు మూసిన గది కూడా పోయింది. పరుగు కావాలంటే పూర్తిగా పరుగు, నెమ్మది కావాలంటే పూర్తిగా నెమ్మది, ఏది ఎప్పుడన్నది పాప ఒంటినిబట్టి. నెమ్మది కోసం గది ఎందుకు, తువ్వాలు ఉందిగా.

మాబున్నికి తువ్వాలు పని నేర్పమంటే హుసేనప్ప ఇబ్బందిగా తల గోక్కున్నాడు. పీరమ్మ ఊరుకోలేదు.

"ఆడోళ్లు టవాలు కింద చెయ్యి పెడితే ఊరు నవ్వదా?"

"నవ్వితే నవ్వనీ అత్తా," అంది మాబున్ని. అత్తకు ఆమె ఎదురు చెప్పడం నేను వినడం అదే మొదలు. "నా బిడ్డ నాతో మాట్లాడేకి ఒగ తావు దొరికినాది. ఊరి కోసం ఇడిసిపెట్టేదా?"

మొదటి బేరం స్నానం మీద. నీళ్లు మీద పడితే పాప కేకలు పెట్టి పరిగెత్తేది. తల్లి నాలుగు చెంబులు అంది. పాప ఒకటి అంది. మూడు. ఒకటి. చివరికి రెండు చెంబులకు తెగింది. రెండే పోసింది, మూడోది పోయలేదు. మాట నిలబడింది కాబట్టి పాప మర్నాడు తనే వచ్చి చెయ్యి చాపింది. బిందె నీళ్లకు కొట్టుకునే మా జిల్లాలో అది ఇంటికీ లాభసాటి బేరమే. అన్నం ముద్దలకు, జడ వేసేటప్పుడు దువ్వెన ఎన్నిసార్లు దిగాలన్నదానికి, అన్నిటికీ బేరాలు మొదలయ్యాయి. బేరం నడుస్తుండగానే వస్తువు పేరు నోటితో అనడం అలవాటు చేశాం. చెంబు, ముద్ద, జడ. మాటలు వేళ్ల వెనకాలే వచ్చాయి. మణికట్టు పుండు మానింది.

ఒకరోజు ఆసుపత్రి వరండాలో చూస్తే పీరమ్మ కొంగు కింద ఏదో కదులుతోంది. నన్ను చూసి చటుక్కున చెయ్యి లాక్కుంది.

"ఏం లేదులే. ఖర్జూరాలు ఇస్తాంటే ఎక్కువ అడుగుతాంది."

"ఎవురు గెలిచినారు?"

"అదే. దొంగముండ, అచ్చం వాళ్ల తాతే."

"ఎవురు నేర్పినారో మరి," అన్నాను.

పీరమ్మ కొంగు సర్దుకుంది. "తల్లి," అంది తర్వాత. ఆ ఒక్క మాటతో బెంగళూరు డాక్టరు తల్లి మీద వేసిన నింద ఆ ఇంట్లోంచి వెళ్లిపోయింది. నేను ఎంత శాస్త్రం చెప్పినా పోనిది.

హోము మాట మాత్రం అలాగే ఉంది. బడి మీద పెట్టిన పందెం పందెమే.

ఓబులేసు సారు చెయ్యి

బడి తెరిచిన వారంలో అందరం హెడ్మాస్టరు ఓబులేసు సారు గదికి వెళ్లాం. కిందటి ఏడు పాపను గేటు దగ్గరినుంచే పంపించేసిన మనిషి. నేను పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లాను. సరుకు అమ్మడానికి వెళ్లేటప్పుడు మా నాయన కొత్త పంచె కట్టేవాడు.

"బొమ్మలక్కా, ఒగ డాక్టరు అది అంటాడు, ఇంగో డాక్టరు ఇది అంటాడు. అంత పెద్దోళ్లే తేల్చలేదు, నేనేం తేల్చేది? పేరు లేని జబ్బుకు నా బళ్లో తావు యాడ?" అన్నాడు సారు.

నేను మొదలుపెట్టాను. చాలా బాగా మాట్లాడానని నా అభిప్రాయం. నేను మాట్లాడుతుండగా దస్తగిరమ్మ బల్ల కింద దూరింది, గోడకానించిన మ్యాపు లాగింది, బయటికి పరిగెత్తింది. వరండాలో వేలాడే రైలుపట్టా ముక్కను సుత్తితో గట్టిగా మోగించింది. ఇంటి గంట అనుకుని బడి మొత్తం ఓహో అని అరుస్తూ మైదానంలోకి వచ్చేసింది.

హుసేనప్ప పరిగెత్తి పాపను ఎత్తుకొచ్చాడు. సారు తల పట్టుకున్నాడు. పీరమ్మ కళ్లు తుడుచుకుంటూ, "ఇంగేముంది, హోముకే," అంది. ఆమెకూ ఇష్టం లేదని అప్పుడే తెలిసింది. ఇచ్చిన మాటకు కట్టుబడి అంటోంది.

అప్పుడు మాబున్ని లేచింది. భర్త భుజం మీది తువ్వాలు తీసి సారు బల్ల మీద పరిచింది.

"సారూ, చెయ్యి పెట్టు."

"ఏందమ్మా ఇది?"

"మీ నాయన గొర్రెలు కాసినోడే గదా సారూ. నీకు తెల్దా?"

సారు మొహం ఎర్రబడింది. బడిలో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. కోప్పడతాడేమో అనుకున్నాను. ఆయన తువ్వాలును చూశాడు, పాపను చూశాడు. చొక్కా చెయ్యి మడిచి లోపల పెట్టాడు. "సరే, పాపను ఇట్ల రమ్మను. రోజుకు ఒగ గంట కూచోబెట్టి చూస్తా, అంతే," అని ఒక వేలు పట్టుకున్నాడు.

తువ్వాలు కదిలింది. సారు ఉలిక్కిపడ్డాడు. "ఏమప్పా హుసేనప్పా, నీ కూతురు చెయ్యంతా అడుగుతాంది!"

"అడిగేది అడుగుతాది సారూ. నువ్వు దింపు."

సారు రెండుకు వచ్చాడు. పాప అయిదు దగ్గరే ఉంది. సారు తెలియకుండానే కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టాడు, మొహంలో ఏమీ లేదు. పాప దూలం వైపు చూస్తోంది, ఆమె మొహంలోనూ ఏమీ లేదు. ఇంతసేపూ కోతిలా గంతులేసిన పిల్ల కాలు కూడా కదపడం లేదు. మేం నలుగురం ఊపిరి బిగబట్టాం. సారు రెండే అంటున్నట్టున్నాడు. పాప నాలుగుకు దిగినట్టుంది. ఆయన పెదవి కింద చిన్న నవ్వు కదిలి మాయమైంది.

ఆమెకు గంటలంటే ఏమిటో తెలుసునని నేను చెప్పను. బేరం తెలుసు. తన ఎదుట ఒక మనిషి ఉన్నాడని, అతన్ని తన వైపు లాక్కోవాలని తెలుసు.

తువ్వాలు ఎగిరింది. ఫట్!

"తెగిపాయ!" అంది దస్తగిరమ్మ, గది మారుమోగేలా.

"మూడు గంటలు," అన్నాడు సారు, అరచెయ్యి రుద్దుకుంటూ. "నన్ను మా నాయన కూడా ఇంత పిండలేదు."

"తర్వాత మాట మార్చవు గదా సారూ?" అంది పీరమ్మ.

"టవాలు కింద తెగినంక మార్చేదుంటాదా జేజీ? నేనూ ఆ ఇంట్లో పుట్టినోడినే." ఆయన నా వైపు తిరిగాడు. "జబ్బు పేరు మీరు తీరిగ్గా తేల్చుకోండి. పాప పేరు నేను రాసుకుంటాండా."

పీరమ్మ మనవరాలి చెయ్యి పట్టుకుని, అందరి ఎదుటా ముద్దుపెట్టుకుంది. ఆ ఇంట్లో హోము మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎత్తడానికి వీల్లేదు, బేరం తెగిపోయింది.

పాపను తలుపు పక్కన కూర్చోబెట్టారు. ఉండలేకపోతే లేచి మైదానం చుట్టూ పరిగెత్తి వచ్చేది, వచ్చి పంతులమ్మ కొంగు కింద చెయ్యి పెట్టి, ఎన్ని లెక్కలు చేయాలో తెంపుకుని కూర్చునేది. దసరా సెలవులకు ముందే మూడు గంటలు పూర్తి బడి అయ్యాయి.

ఏది నిజం?

కొత్తవాళ్లు ఇది తప్పకుండా అడుగుతారు. చివరికి ఆటిజమా, అతిచురుకా?

రెండూ. ఇప్పుడు డాక్టర్లే ఒక్క పిల్లలో రెండూ ఉండొచ్చని ఒప్పుకుంటున్నారు. ఆనాడు ఇద్దరు పెద్దవాళ్లూ తమకు కనపడ్డది సరిగ్గానే చూశారు, రెండోవాడికి కనపడ్డది లేదనడంలోనే తప్పారు. రెండూ అన్నవాడు హుసేనప్ప ఒక్కడే. ఆయనా నేనూ కలిసి చేసిన పొరపాటు సగం సగం అనుకోవడం. ఆ పాపలో ఆటిజం పూర్తిగా ఉంది, అతిచురుకూ పూర్తిగా ఉంది. వాటితోపాటు బేరం చేసే తెలివీ పూర్తిగా ఉంది. అది మాత్రం ఎవరి రిపోర్టులోనూ లేదు.

మీ దగ్గరికి రెండు పేర్లతో వచ్చే తల్లిదండ్రులు ఉంటారు. ఏ పేరు ఇంట్లో ఎవరి మీద నింద వేస్తోందో ముందు చూడండి, సగం గొడవ అక్కడ ఉంటుంది. మధ్యేమార్గం చెప్పి పంపేయకండి. పిల్ల ఎక్కడ కుదురుగా ఉంటుందో అడగండి. ఎక్కడా ఉండదంటే ఇంకొకరిని అడగండి. ఆ చోటు మీకు నచ్చకపోవచ్చు, పెంట వాసన రావచ్చు. బస్సెక్కండి.

ఎనభైల చివర్లో, ఉద్యోగం ఇంక కొన్నాళ్లు ఉందనగా, కళ్యాణదుర్గం సంతకు మళ్లీ వెళ్లాను. మాబున్ని కంబళ్ల అంగడి పెట్టిందని విన్నాను. రాళ్ల మీద కంబళ్లు పరిచి ఉన్నాయి. వెనకాల పొడుగ్గా ఎదిగిన దస్తగిరమ్మ ఉంది. పదో తరగతి దాకా చదివింది. లెక్కల్లో బాగా మార్కులు, వ్యాసాల్లో సున్నాకు దగ్గర. మధ్యమధ్యలో లేచి అంగడి చుట్టూ రెండు చుట్లు తిరిగి వచ్చి కూర్చుంటోంది. కొనడానికి వచ్చిన కాపరులు మారుమాట లేకుండా ఆ ఆడపిల్ల తువ్వాలు కింద చేతులు పెడుతున్నారు.

నల్లంచు కంబళి ఒకటి నాకు నచ్చింది. మా నాయన నేర్పినట్టు దాన్ని పక్కకు తోసేసి వేరేది తిప్పి చూశాను. దస్తగిరమ్మ నా మొహం చూడలేదు కదా, ఆ నటన అంతా దండగైంది. తువ్వాలు పరిచింది. చెయ్యి పెట్టాను.

ధర్మవరం పట్టు దళారుల్ని ఏడిపించిన చెయ్యి ఇది. నేను దింపాను, ఆమె కదల్లేదు. ఇంకొంచెం ఎక్కాను, ఆమె కదల్లేదు. గొర్రె చెవులు చూశాను, ఆకాశం చూశాను. నాకు కంబళి కావాలని నా వేళ్లకు తెలుసు, ఆమెకు నా వేళ్లు తెలుసు. చివరికి ఆమె అడిగినంతకే వచ్చాను.

ఆమె తువ్వాలు తీయలేదు. నా చెయ్యి అలాగే పట్టుకుని, ఎటో చూస్తూ నెమ్మదిగా అడిగింది:

"తెగిపాయనా, అక్కా?"

ఒకప్పుడు నా గదిలో గోడకు చెప్పిన మాట. ఇప్పుడు నన్ను అడుగుతోంది, జవాబు కోసం ఆగింది.

"తెగిపాయ తల్లీ," అన్నాను.

అరచేతిలో ఫట్టుమంది. ఆ కంబళి కప్పుకునే ఇది రాస్తున్నాను. దానికి పెట్టిన ధర మా నాయనకు తెలిసి ఉంటే ఆ పూట అంగడి మూసేసేవాడు.